అరంగుళం యూనియన్

ఆ గురువారం పొద్దున్న సరేసారు ఇంట్లో తేలాల్సిన సంగతులు రెండు. ఒకటి, తొమ్మిది రోజులుగా కారుతున్న బాత్రూం పైపు. రెండు, ఆరేళ్ళుగా తేలని అతని ఉద్యోగం. మొదటిది భార్య చేతుల్లో ఉంది, రెండోది మేనేజరు చేతుల్లో ఉంది. ఏది ఎవరి చేతుల్లో ఉంటే భద్రమో అతనికి తెలుసు గానీ, తెలిసింది పైకి అనే అలవాటు అతనికి లేదు.

సరేసారు అన్న పేరు ఫ్యాక్టరీలో పడింది. అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో అతను డిస్పాచ్ గుమాస్తా. ఆదివారం రమ్మంటే సరే సార్. తిండి మానేసి లారీ ఎక్కించమంటే సరే సార్. ఈ ఏడు కూడా టెంపరరీగానే ఉండమంటే, అదీ సరే సార్. టెంపరరీ అంటే ఆ ఫ్యాక్టరీలో అర్థం చచ్చేదాకా అని. ఎట్టకేలకు మేనేజరు మనసు కరిగి, "గురువారం నాలుగింటికి నీ పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెడతా. ఈలోపు పిచ్చివేషాలు వెయ్యకు" అన్నాడు. ఆరేళ్ళలో ఒక్క వేషం వెయ్యని మనిషి, దానికీ సరే సార్ అన్నాడు.

బాత్రూంలో భార్య చీర ఎగదోపి, కొళాయి కింద గొంతుక్కూర్చుని పైపుని కొలుస్తోంది. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వీధిలో సగం మంది నడుములు ఆమెకి నోటికి వచ్చు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది కాబట్టి పైపునీ దానితోనే కొలిచింది. అదీ నడుముని కొలిచినట్టే, చుట్టూ తిప్పి.

"రెండున్నర మీద ఒక నూలు" అంది. అంగుళంలో ఎనిమిదో వంతుని దర్జీలు నూలంటారు.

"ప్లంబరు రానన్నాడా?" అని అడిగాడు సరేసారు, గుమ్మం బయట నిలబడి, చెప్పులు తడవకుండా.

"రానని ఎందుకంటాడు. దార్లో ఉన్నానన్నాడు. తొమ్మిది రోజుల్నుంచీ దార్లోనే ఉన్నాడు. ఈపాటికి సముద్రం తగిలుండాలి."

"మరి కింద ఓనరు?"

"అదే నా భయం. ఆయన గది కప్పు మీద చెమ్మ కనిపించిందో, మన సామాను వీధిలో ఉంటుంది. అందుకే ఇవాళ నేనే బిగించేస్తా. ప్లంబరు ఫోన్లో అంతా చెప్పాడులెండి, పాపం, నోరు మాత్రం వేళకి వస్తుంది. చొక్కాకి చెయ్యి అతికించేదాన్ని, పైపుకి పైపు అతికించలేనా? పాతది విప్పి చూసి, ఏమేం కావాలో మీ ఆఫీసుకి ఫోన్ చేస్తా. మధ్యాహ్నం కొట్టుకెళ్ళి కొని పెట్టుకోండి."

"సరే."

"ఇవాళ మాత్రం ఆ మేనేజరు ఏమన్నా తలూపండి. ఎదురు చెప్పకండి."

"ఎప్పుడన్నా చెప్పానా?"

"అదీ నిజమే" అంది ఆమె, కొంచెం జాలిగా.

ఆ ఫ్యాక్టరీ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. నలభై ముగ్గురు ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషన్ల పక్కన నిలబడి అట్టలు మడుస్తారు, అతికిస్తారు, కట్టలు కడతారు. వాళ్ళ బాత్రూంకి తాళం. తాళం చెవి మేనేజరు కుర్చీ వెనక మేకుకి. పూటకి ఒక్కసారి అడగొచ్చు. రెండోసారి అడిగితే, "ఇంట్లో చూసుకుని రాలేకపోయావా?" అంటాడు. ఆ మాట అనే మనిషి గదిలో తాళం లేని బాత్రూం ఒకటుంది, అందులో అద్దం కూడా ఉంది.

అడిగే దిక్కు లేదు. టెంపరరీ వాళ్ళని తియ్యడానికి కారణం అక్కర్లేదు, రేపట్నించి రావద్దంటే చాలు. పర్మనెంటు మనిషిని తియ్యాలంటే కారణం రాయాలి, నోటీసివ్వాలి, విచారణ జరపాలి. అందుకే అక్కడ పర్మనెంటు వాళ్ళు ఇద్దరే, మేనేజరూ అతని మేనల్లుడూ. మేనల్లుణ్ణి ఇంకా ఎవరూ చూడలేదు. ఇక యూనియన్ అన్న మాట ఆ గోడల మధ్య బూతు కన్నా అన్యాయం. బూతులు మేనేజరే తిడతాడు.

పదకొండింటికి ఫోన్ మోగింది. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి కాబట్టి ఎవరికి ఇంటి కబురొచ్చినా సరేసారు బల్ల మీది ఆఫీసు ఫోనుకే రావాలి. ఆ బల్లకీ మేనేజరు కుర్చీకీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క. ఫోన్లో భార్య గొంతు గరగరమంటోంది. సరేసారు డెలివరీ చీటీల పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆమె చెప్పిందల్లా పైకి అంటూ రాసుకున్నాడు. గుమాస్తాకి అదొక జబ్బు.

"చెప్పు... ఆ, యూనియన్. యూనియన్ పెట్టాల్సిందే అంటావా? ... నిజమేలే, లేకపోతే రేపు ఏదన్నా వస్తే ఏం చెయ్యలేం. ఎన్ని, రెండా? ... సరే, లోపలొకటి, బయటొకటి. ... మెయిన్ కట్టేశావా? మొత్తం బందేనా? మంచిపని చేశావు."

చెక్క అవతల మేనేజరు పెన్ను ఆగిపోయింది.

"మేల్ రెండు. ఫిమేల్ నాలుగు... ఫిమేలే ఎక్కువ కావాలా? సరే, నీకు తెలిసినట్టు నాకేం తెలుసు. టీ ఒకటి. గమ్ము డబ్బా. రంపం బ్లేడు... పాతదాన్ని కోసి పారేద్దాం అంటావు. అంతేలే, కుళ్ళిపోయింది, ఎన్నాళ్ళని అతుకులేస్తాం. ... ఓనరుకి మాత్రం తెలియకూడదు. సాయంత్రంలోపు పనైపోవాలి. సరే, ఉంటా."

పాతదాన్ని కోసి పారేద్దాం అన్న దగ్గర మేనేజరు చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది. అతనికి యాభయ్యెనిమిదేళ్ళు.

విన్నవాడు అతనొక్కడే అయితే కథ ఇంత దూరం వచ్చేది కాదు. మేనేజరుకి కాఫీ తెచ్చిన వాచ్‌మన్ తలుపు దగ్గర కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్‌ని అందరూ రేడియో అంటారు. కాఫీ చల్లారింది గానీ కబురు చల్లారలేదు. పదకొండుంపావుకి ప్యాకింగ్ హాల్లో నలభై మూడు జతల చేతులు అట్టలు మడుస్తూనే ఉన్నాయి, నలభై మూడు నోళ్ళు ఒకటే మాట చెప్పుకుంటున్నాయి.

పన్నెండున్నరకి సరేసారు మేనేజరు గదిలో తల దూర్చాడు. "ఒక గంట పర్మిషన్ కావాలి సార్. చిన్న ఫిట్టింగ్ పనుంది."

మేనేజరు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. ఆరేళ్ళుగా చూస్తున్న మొహమే. అందులో ఇంత ధైర్యం ఎక్కడ దాక్కుందో అంతుపట్టలేదు. ఫిట్టింగ్ పెట్టబోతున్నానని మొహం మీదే చెప్పి, పర్మిషన్ అడుగుతున్నాడు. "వెళ్ళిరా నాయనా" అన్నాడు. ఆ ఫ్యాక్టరీలో నాయనా అన్న మాట వినపడ్డం అదే మొదలు.

సరేసారు చీటీ చింపుకుని వెళ్ళాడు. కానీ డెలివరీ పుస్తకంలో ప్రతి చీటీ కింద కార్బన్ కాయితం ఉంటుంది. మేనేజరు వచ్చి కింది ప్రతి చూశాడు. యూనియన్ రెండు. మేల్ రెండు, ఫిమేల్ నాలుగు. టీ ఒకటి. గమ్ము ఒక డబ్బా. రంపం బ్లేడు ఒకటి. కొలత రెండున్నర మీద నూలు. అతను మెదడున్న మనిషే, అన్నీ విడమర్చుకున్నాడు. కమిటీలో మగాళ్ళు ఇద్దరు, ఆడవాళ్ళు నలుగురు. ఒక టీ మీటింగు. గమ్ము పోస్టర్లకి. రంపం బ్లేడు దేనికో అతను గట్టిగా ఆలోచించదలుచుకోలేదు. నూలు ఒక్కటీ అర్థం కాలేదు. అది ఉరితాడు కొలతేమోనని అనుమానం వచ్చి, ఫ్యాక్టరీ ఓనరుకి ఫోన్ చేశాడు.

కొట్టులో సరేసారు చీటీ చూపించాడు. కొట్టాయన కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "ఏ సైజు?" అన్నాడు.

"రెండున్నర మీద ఒక నూలు."

"రెండున్నర అంగుళాల పైపు బాత్రూంలో ఎందుకయ్యా? ఏనుగుని కడుగుతున్నారా?"

"అంత లావు కాదండీ. నా బొటనవేలు కన్నా కాస్త ఎక్కువుంటుంది. చుట్టుకొలత అది."

"చుట్టుకొలతా?" కొట్టాయన పక్కనున్న ఇద్దరు కొనుగోలుదార్లకి వినపడేట్టు అన్నాడు. "పైపుకి జాకెట్టు కుడుతున్నారా ఏంటి?"

సరేసారు నవ్వులన్నీ అయిపోయేదాకా ఓపికగా నిలబడ్డాడు. అది అతనికి బాగా వచ్చిన విద్య. కొట్టాయన చివరికి ఒక తెల్ల పైపు ముక్క తీసి, దారం చుట్టి, స్కేలు మీద పెట్టాడు. సరిగ్గా రెండున్నర మీద నూలు.

"ఇది అరంగుళం పైపు" అన్నాడు.

"ఎటు చూసినా అరంగుళం కన్నా ఎక్కువుంది కదండీ."

"బయట ఎంతుంటే ఏం. పైపుని లోపలి దాంతో పిలుస్తారు. మీ ఆవిడ కొలత తప్పు కాదు, పిలుపే వేరు." కొట్టాయన బయట మర ఉన్న మేల్ ముక్కలు, లోపల మర ఉన్న ఫిమేల్ ముక్కలు, మూడు మూతుల టీ సంచీలో ఒక్కొక్కటే వేస్తూ, యూనియన్ని మాత్రం చేతిలో పట్టుకుని చూపించాడు. రెండు ముక్కలు, మధ్యలో ఒక పెద్ద మరచుట్టు. "దీన్ని ఎందుకు పెట్టమందో తెలుసా? గమ్ముతో అతికించింది ఇక ఊడదు, పాడైతే కొయ్యడమే. యూనియన్ ఉంటే చేత్తో తిప్పి విప్పుకోవచ్చు, బాగుచేసి మళ్ళీ బిగించుకోవచ్చు. మీ ఆవిడకి పని తెలుసు."

సరేసారు తిరిగొచ్చేసరికి ప్యాకింగ్ హాల్లో ఏదో తేడాగా ఉంది. అతను నడుస్తుంటే ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. అందరికన్నా పాత మనిషి, పెద్దక్క అని పిలుస్తారు, బల్ల దగ్గరికి వచ్చి సంచీ కేసి చూసింది.

"మాతో ఒక్క మాట చెప్పకుండా మొదలెట్టావేం తమ్ముడూ?"

"ఏది, యూనియనా? మీకెలా తెలిసిందక్కా?"

"తెలిసిందిలే. మాకూ కావాలి."

"మీకూనా?" సరేసారు ఆశ్చర్యపోయాడు. ఊళ్ళో పైపులన్నీ ఒకేసారి కారుతున్నట్టున్నాయి. "ఎంతమందికి?"

"నలభై ముగ్గురం. ఎవరూ వెనక్కి తగ్గట్లేదు. ఇన్నాళ్ళూ బిగబట్టుకుని ఉన్నాం, ఇక వల్ల కాదు."

"పాపం. ముందు మెయిన్ కట్టెయ్యండి మరి."

పెద్దక్క అతని కేసి భక్తిగా చూసింది. "కట్టేస్తాం. నువ్వు ఎప్పుడంటే అప్పుడు." మడిచిన కాయితం ఒకటి చేతిలో పెట్టింది. "ఇదిగో పేర్లూ సంతకాలూ. నీ పేరే ముందు రాశాం, ఏమనుకోకు."

సరేసారుకి చేతికొచ్చిన ప్రతి కాయితం మీదా 'అందినది' అని ముద్ర కొట్టి పొట్టి సంతకం పెట్టడం అలవాటు. కొట్టాడు, పెట్టాడు. చదవలేదు. అప్పటికే మేనేజరు గంట మోగిస్తున్నాడు.

గదిలో మేనేజరు లేచి నిలబడి ఉన్నాడు. బల్ల మీద ఆర్డరు కాయితం, దాని మీద సంతకం, సంతకం మీద ఫ్యాక్టరీ సీలు. టైము రెండు కూడా కాలేదు.

"కూర్చో."

సరేసారు కూర్చోలేదు. అది ఎలాగో అతనికి తెలియదు.

"నాలుగింటిదాకా ఎందుకని ఇప్పుడే చేసేశా. ఇవాళ్టి నుంచి నువ్వు పర్మనెంటు. హెడ్డాఫీసుకి కాపీ కూడా పంపించేశా. సంతోషమేనా?"

సరేసారు బల్ల మీది ఆర్డరు రెండుసార్లు చదువుకున్నాడు. తలూపాడు.

"మరి నువ్వు కూడా నా మాట వినాలి. ఆ మొదలెట్టిందేదో ఆపేస్తావుగా?"

"తప్పకుండా సార్. సాయంత్రానికల్లా ఆగిపోతుంది. చుక్క కూడా కారదు."

మేనేజరు మొహం పాలిపోయింది. "చుక్క... అంటే రక్తం దాకా వెళ్ళొద్దు నాయనా. వాళ్ళ బాధ నాకు తెలియదా? ఆ బాత్రూం తాళం కూడా ఇప్పుడే తీయించేశా. ఇదిగో చెవి. నీ దగ్గరే ఉంచుకో."

మేనేజరుకి పైపు సంగతి ఎలా తెలిసిందో, అక్కడి తాళానికీ ఇంట్లో పైపుకీ ఏం సంబంధమో సరేసారుకి బోధపడలేదు. ఈ రోజు ఎదురు చెప్పకండి అన్న భార్య మాట గుర్తొచ్చింది. "సరే సార్" అని ఆర్డరుని జేబులో, తాళం చెవిని పిడికిట్లో పెట్టుకుని బయటికొచ్చాడు.

ఇంట్లో మెయిన్ కట్టేస్తే నీళ్ళు పై వాటాకే కాదు, కింది వాటాకీ ఆగుతాయి. ఆ సంగతి ప్లంబరు ఫోన్లో చెప్పలేదు. ఒళ్ళంతా సబ్బు నురగతో ఇంటి ఓనరు కింద నుంచి అరవడం మొదలెట్టేసరికి, సరేసారు భార్య ఇక సాయంత్రం దాకా ఆగలేకపోయింది. కుళ్ళి ఊడొచ్చిన పైపు ముక్కొకటి, మూడడుగులది, చేత్తో పట్టుకుని ఫ్యాక్టరీ గేటుకొచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది.

"ఎవరు కావాలి?" అన్నాడు రేడియో.

"మా ఆయన్ని పిలు. యూనియన్ కోసం వచ్చానని చెప్పు. త్వరగా రమ్మను, అక్కడ ఓనరు గొడవ చేస్తున్నాడు."

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ ఓనరు కారు గేటు దగ్గర ఆగింది. అద్దం దించి, "ఎవరి మీదమ్మా గొడవ చేస్తున్నాను?" అన్నాడు.

"మిమ్మల్ని కాదండీ. మీరెవరు?"

"నేనే ఓనర్ని."

"ఓనరు సంగతి నాకు తెలుసు, ఒళ్ళంతా సబ్బుతో ఉన్నాడు" అంది ఆమె.

రేడియో లోపలికి పరుగెత్తి, బయటి నుంచి నాయకురాలొచ్చిందనీ, చేతిలో కర్ర ఉందనీ, ఓనర్ని సబ్బు పెట్టకుండా ఉతికేస్తోందనీ చెప్పాడు. హాల్లో మిషన్లు ఆగిపోయాయి. ఎవరు ఆపారో తర్వాత కూడా తేలలేదు. నలభై ముగ్గురూ మేనేజరు గది ముందుకొచ్చి నిలబడ్డారు.

లోపల ఓనరు సరేసారునీ అతని భార్యనీ ఎదుట నిలబెట్టి, కుర్చీలో కూర్చుని కార్బన్ చీటీ చదివాడు. తల ఎత్తి, సరేసారు భార్య చేతిలో పైపుని చూశాడు. అతను అట్టపెట్టెల్లోకి రాకముందు నీళ్ళ ట్యాంకుల వ్యాపారం చేసినవాడు. "ఆ సంచీ ఇటివ్వు" అన్నాడు. సరేసారు బల్ల మీద బోర్లించాడు. తెల్లటి ముక్కలు గలగలా దొర్లాయి. భార్య మిగతా వాళ్ళని పట్టించుకోకుండా ఒక యూనియన్ తీసుకుని పైపు చివర తొడిగి చూసింది. సరిగ్గా పట్టింది.

"అరంగుళం అంటారట దీన్ని" అన్నాడు సరేసారు ఆమెతో, మెల్లగా. "లోపలిది లెక్కట."

"కుట్టుపనిలో ఇలా చెప్తే గుడ్డ మొత్తం నాశనం" అంది ఆమె. "గమ్ము ఏది?"

ఓనరు చాలాసేపు నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. మిగిలిన వాళ్ళకి నవ్వాలో లేదో తెలియలేదు. గుమ్మం దగ్గర పెద్దక్క మొహం మాత్రం నెమ్మదిగా వాడిపోయింది. వెనకనున్న వాళ్ళకి ఏదో చెప్పింది. వాళ్ళు తలలు దించుకున్నారు.

"పైపు ముక్కకి పర్మనెంటు ఇచ్చావా?" అన్నాడు ఓనరు మేనేజరుతో. తర్వాత సరేసారు వైపు తిరిగాడు. "నీ తప్పేం లేదయ్యా. ఆర్డరు నీ దగ్గరే ఉంచుకో, ఆరేళ్ళు చేశావు. ఆ తాళం చెవి మాత్రం మేకుకి తగిలించు. వీళ్ళేదో సంతకాలు పెట్టారట, ఆ కాయితం నీ దగ్గరుందట. నేను యూనియనూ పెట్టలేదు, గాడిదగుడ్డూ పెట్టలేదు అని అందరి ముందూ చెప్పి చింపెయ్. అంతే."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అతను నిజంగానే పెట్టలేదు. రెండు పదాలు అంటే చాలు, అవి నాలిక మీద ఎప్పుడూ తయారుగా ఉండేవే. సరేసారు జేబులోంచి కాయితం తీసి, మొదటిసారి చదివాడు. పైన అతని పేరు. కింద నలభై మూడు పేర్లు. కొన్ని వేలిముద్రలు, అట్టల గమ్ము అంటుకుని మెరుస్తున్నవి. అడిగింది ఒక్కటే: మా బాత్రూంకి తాళం వద్దు.

వీళ్ళు తన మాటకి సంతకాలు పెట్టలేదు, తను అనని మాటకి పెట్టారు. అనకుండానే తనని ఇంత మనిషిని చేశారు. ఆరేళ్ళలో అతని పక్కన నలభై ముగ్గురు నిలబడ్డది అదే మొదటిసారి. పిడికిట్లో తాళం చెవి వేడెక్కింది.

"చింపు మరి" అన్నాడు మేనేజరు. నాయనా మాయమైపోయింది.

"కుదరదు సార్."

గదిలో అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది సరేసారే. భార్య గమ్ము డబ్బా మూత తిప్పడం ఆపి అతన్ని చూసింది.

"యూనియనంటూ ఏదీ లేదు కదయ్యా" అన్నాడు ఓనరు.

"పొద్దున్న లేదు సార్."

పెద్దక్క తలెత్తింది. ఓనరు లేచాడు. "నిన్ను ఇప్పుడే తీసేస్తే?"

"తియ్యొచ్చు సార్. కారణం రాయాలి, నోటీసివ్వాలి, విచారణ పెట్టాలి. నేను పర్మనెంటు." ఆ మాట పైకి అనడం అతనికి బాగుంది. ఇంకోసారి అన్నాడు. "పర్మనెంటు సార్."

"విచారణలో కారణం ఏమని రాస్తారండీ?" అంది భార్య, చదువుకునే పిల్ల సందేహం అడిగినట్టు. "పెళ్ళాం పైపు ముక్క తెమ్మందనా?"

ఓనరు మేనేజరు కేసి చూశాడు. మేనేజరు హెడ్డాఫీసుకి కాపీ పంపించిన ఫోను కేసి చూశాడు. బయట మిషన్లు ఇంకా ఆగే ఉన్నాయి, లోడు కోసం లారీ హారన్ కొడుతోంది. పావుగంట తర్వాత ఓనరు కారెక్కాడు. మేకు ఖాళీగానే ఉండిపోయింది.

సరేసారు భార్య సంచీ తీసుకుని ఇంటికెళ్ళి, దీపాలు పెట్టకముందే రెండు యూనియన్లూ బిగించింది. చుక్క కారలేదు. ప్లంబరు ఫోన్ చేసి దార్లో ఉన్నానన్నాడు. సరేసారు మాత్రం ఆ వేళకి ప్యాకింగ్ హాల్లో అట్టల కట్ట మీద కూర్చుని, పెద్దక్క చెబుతుంటే మినిట్స్ రాస్తున్నాడు.

ఉద్యోగంలోంచి తియ్యడానికి వీల్లేని కార్యదర్శిని తమకి స్వహస్తాలతో తయారుచేసి ఇచ్చినందుకు మేనేజరు గారికి కృతజ్ఞతలు తెలుపుతూ మొదటి తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.